ఇచ్చినట్టు రాసిన మందు

మా ఇంట్లో ‘ఆఁ’ అనే మాటకు అయిదు అర్థాలుండేవి. అవునని ఒకటి, ఏమిటని ఒకటి, వస్తున్నానని ఒకటి, విన్నాను గానీ చెయ్యనని ఒకటి, ఇక నన్ను వదిలెయ్యమని ఒకటి. మా అన్నయ్య ఈ అయిదింటితోనే సంసారం నెట్టుకొచ్చేవాడు. గ్యాసు అయిపోయిందంటే ఆఁ. పాపకు ఒళ్లు వెచ్చగా ఉందంటే ఆఁ. ఒకసారి వదిన ఒళ్లు మండి, “నేను పుట్టింటికి పోతున్నా, మళ్లీ రాను” అంటే, పేపర్లోంచి తల ఎత్తకుండా దానికీ ఆఁ అన్నాడు. ఆ రోజు వదిన నవ్విన నవ్వు వీధి చివరిదాకా వినిపించింది.

ఆ మాటను ఇంట్లోనే వదిలేసి వెళ్లి ఉంటే ఎంత బాగుండేదో. మేం దాన్ని అంబులెన్సులోకి కూడా ఎక్కించుకున్నాం.

అన్నయ్యకు అప్పటికి అంబులెన్సులో పన్నెండేళ్ల సర్వీసు. నాది ఏడాదిన్నర. ఒకే ఇంటివాళ్లను ఒకే బండిలో వెయ్యకూడదని ఏదో రూలుండేది గానీ, ఆ ఎండాకాలం మనుషులు చాలక డిపో ఇన్‌ఛార్జి మేడమ్ ఆ రూలును పక్కన పెట్టేసింది. “ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి వస్తారు. లేటైతే ఇద్దరూ కలిసే అవుతారు. నాకు తిట్టడం సులువు” అంది. అలా మేమిద్దరం, మా డ్రైవరు కలిసి ఒక బండి అయ్యాం. డ్రైవర్ని అందరూ హారన్ బాబాయి అనేవాళ్లు. సైరన్ మోగుతున్నా సరే, దాని మీద నమ్మకం లేనట్టు హారన్ మీంచి చెయ్యి తీసేవాడు కాదు.

బండిలో అన్నయ్యవి చేతులు, నాది పెన్ను. ఎవరూ అలా పంచిపెట్టలేదు, అదే అలా కుదిరిపోయింది. అతను నాడి చూసేవాడు, సూది గుచ్చేవాడు, ఆక్సిజన్ పెట్టేవాడు. నేను ఆసుపత్రికి ఫోన్ చేసి వస్తున్న మనిషి సంగతి చెప్పేదాన్ని, నాలుగు పేజీల కాగితం నింపేదాన్ని. ఫోన్ ఎన్నింటికి వచ్చింది, మేం ఎన్నింటికి చేరాం, మనిషి ఎలా ఉన్నాడు, ఏం చెప్పాడు, ఏ మందు, ఎంత, ఒంట్లో ఎక్కడ, ఎన్నింటికి, ఎవరిచ్చారు, ఇచ్చాక ఏమైంది. అన్నయ్యకు ఆ కాగితమంటే తలనొప్పి. నన్ను ‘గుమాస్తా’ అని పిలిచి, పెన్ను నా చేతిలో పెట్టి చేతులు దులుపుకొనేవాడు. చేసినదంతా రాయాలని ట్రైనింగులో పదే పదే చెప్పారు. చెయ్యనిది రాయకూడదని మాత్రం ఎవరూ విడిగా చెప్పలేదు. అది కూడా చెప్పాలా అనుకున్నారు కాబోలు.

ఆ ఏడు అన్నయ్యకు ఇన్‌స్ట్రక్టరు పోస్టు రాబోతోంది. కొత్తగా చేరేవాళ్లకు పని నేర్పే ఉద్యోగం. పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే ఉద్యోగం. అన్నయ్య పేరు పైకి వెళ్లిందని తెలిసిన రోజు నుంచి వదిన కాళ్లు నేల మీద నిలవలేదు. “ఇక మా పాప వాళ్ల నాన్నను ఫొటో చూసి గుర్తుపట్టే బాధ తప్పుతుంది” అని ఇరుగుపొరుగు అందరికీ చెప్పుకొంది. ఎంపిక ఎండాకాలం చివర్లో.

ద్రాక్ష తోటల్లో కోతలు మొదలైన రెండో వారం, ఒకనాటి మధ్యాహ్నం నాలుగు కావస్తుండగా ఫోన్ వచ్చింది. తోటలో ఒకామెను కందిరీగలు కుట్టాయి, ఊపిరాడటం లేదు.

మేం వెళ్లేసరికి ఆమె ఖాళీ ద్రాక్ష పెట్టెలకు జారబడి కూర్చుని ఉంది. కోతలవాళ్లకు ఆమే మేస్త్రీ. యాభై ఏళ్లు దాటిన గట్టి మనిషి, అందరూ మేస్త్రమ్మ అంటారు. పెదాలు ఉబ్బిపోయాయి, మెడ మీద, చేతుల మీద దద్దుర్లు, ఊపిరి తీస్తే కూత. ఆమె కూతురు చెయ్యి పట్టుకుని “అమ్మా, అమ్మా” అంటోంది. ఆమె మాత్రం గొంతు పెగలకపోయినా కూలీలకేసి చూసి, పెట్టెలు నీడలోకి జరపమని వేలితో సైగ చేస్తోంది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి బండి ఎక్కించాం. ఆసుపత్రి దగ్గరే.

ఇలాంటప్పుడు మందు ఒకటే. అడ్రినలిన్, అర మిల్లీగ్రాము, తొడ కండలోకి. ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. అన్నయ్య మందుల పెట్టె తెరిచి, చిటికెన వేలంత గాజు ఆంప్యూల్ బయటకు తియ్యడం చూశాను. అంతలో ఫోన్లో ఆసుపత్రివాళ్లు దొరికారు. వయసెంత, బీపీ ఎంత, ఎంతసేపైంది అని అడుగుతున్నారు. సైరన్ మోత ఒకపక్క, హారన్ బాబాయి హారన్ ఒకపక్క. ఒక చెవి మూసుకుని, వెనక్కి తిరక్కుండానే అరిచాను.

“అన్నయ్యా, అడ్రినలిన్ ఇచ్చావా?”

“ఆఁ.”

గడియారం చూసి రాసుకున్నాను. నాలుగు గంటల పన్నెండు నిమిషాలు. అడ్రినలిన్, అర మిల్లీగ్రాము, కుడి తొడ. ఎప్పుడూ కుడి తొడలోకే ఇస్తాడు కాబట్టి అదీ రాసేశాను. నేను ఫోన్ పెట్టి తిరిగేసరికి మేస్త్రమ్మ వాంతి చేసుకుంటోంది. అన్నయ్య ఆమెను పక్కకు తిప్పి, నోరు శుభ్రం చేసి, మాస్కు పెట్టి ఊపిరి అందిస్తున్నాడు. ఇద్దరం ఆ పనిలో మునిగిపోయాం.

ఆసుపత్రి గుమ్మంలో డాక్టరుకు నేనే చెప్పాను. “నాలుగూ పన్నెండుకు అడ్రినలిన్ ఇచ్చామండీ.”

ఆయన గోడ గడియారం చూశాడు. “ఇప్పుడు నాలుగూ పధ్నాలుగు. ఇంకో మూడు నిమిషాలు చూసి రెండోది ఇద్దాం” అన్నాడు. ఆయన చేసింది సరైన పనే. మొదటిది పని చెయ్యడానికి ఆ మాత్రం టైమ్ ఇస్తారు. ఆ మూడు నిమిషాల్లోనే ఆమె గొంతు పూర్తిగా పూడుకుపోయింది. రెండోది అనుకుంటూ ఇచ్చారు, గొంతులోకి గొట్టం వేశారు. మేం బయటకు వచ్చేసరికి కూతురు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. మా వంక చూడలేదు.

డ్యూటీ దిగేటప్పుడు మందుల పెట్టె లెక్క చూడటం కూడా గుమాస్తా పనే. వాడినవి ఎన్నో కాగితం చూసి, అన్ని కొత్తవి తెచ్చి పెట్టాలి. పొద్దున అడ్రినలిన్ రెండు ఉన్నాయి. ఒకటి తేవాలి అనుకుంటూ పెట్టె తెరిచాను. రెండూ ఉన్నాయి. ఒకటి తన అరలో, ఇంకొకటి మూత అంచున. సిరంజి కవర్ కూడా చింపలేదు.

మళ్లీ లెక్కపెట్టాను, రెండు దాకా లెక్కపెట్టడం రానట్టు. అన్నయ్య చేతులు కడుక్కుంటున్నాడు.

“అన్నయ్యా, ఇవి రెండున్నాయేంటి?”

తిరిగి చూశాడు. ముఖం పాలిపోయింది.

“ఇచ్చావా అని అడిగితే ఆఁ అన్నావు కదా!”

“నేనెక్కడన్నాను?” అన్నాడు. తర్వాత తలొంచుకుని, “నువ్వేదో అరిచావు. ఆ గోలలో వినబడలేదు. ‘ఆఁ?’ అన్నాను. ఏంటీ అని” అన్నాడు.

‘ఆఁ’ చివర ఒక చిన్న విరుపు, గొంతు కొంచెం పైకి లేస్తే ప్రశ్న, కిందికి దిగితే జవాబు. ఇరవయ్యారేళ్లుగా ఆ గొంతు వింటున్నదాన్ని, తేడా పోల్చుకోలేకపోయాను. పైగా కళ్లతో చూడకుండా రాశాను. కుడి తొడ అని కూడా రాశాను, తగుదునమ్మా అని.

“మేడమ్‌కి చెబుదాం” అన్నాను.

“ఆమె బతికే ఉంది. అక్కడ మందూ పడింది” అన్నాడు అన్నయ్య. “రేపు చూద్దాం. ఈ వారంలోనే నా ఫైలు కదులుతోంది.”

ఆ రేపు నాలుగు రోజులు సాగింది. నేను మంచిదాన్నేమీ కాదు. ఆ నాలుగు రోజులూ నోరు మూసుకునే ఉన్నాను. రోజూ ఆసుపత్రికి ఫోన్ చేసి, మేస్త్రమ్మ ఎలా ఉందో కనుక్కుని, బాగానే ఉందంటే నా తప్పు కూడా కొంచెం బాగుపడినట్టే అనుకునేదాన్ని. గొంతులో గొట్టం తీశారు. గంజి తాగుతోంది. ఇక నాకేం భయం? అయిదో రోజు మనసు ఊరుకోక చూడటానికి వెళ్లాను.

మేస్త్రమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. గొట్టం వల్ల గొంతు బొంగురుపోయింది. నన్ను గుర్తుపట్టింది.

“నువ్వే కదమ్మా బండిలో వచ్చింది? మీ అన్నాచెల్లెళ్ల చేతి చలవ. మీరు లేకపోతే నేను పోయేదాన్నే.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో గొణిగి కూతురి వైపు తిరిగాను. ఆ పిల్ల చేతిలో కొత్త కార్డు ఒకటి ఉంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి. ఇంటికి పంపేముందు ఆసుపత్రివాళ్లు ఇచ్చింది. ఎప్పుడూ దగ్గర ఉంచుకోమన్నారట.

“ఆ ఇంజెక్షన్ మా అమ్మకు పని చెయ్యదటండీ” అంది కూతురు. “మీరు బండిలో ఇచ్చినా ఏం లాభం లేకపోయింది కదా. అందరికీ ఇంటి దగ్గర ఉంచుకోమని ఒక సూది రాసిస్తారట, అమ్మకు అదీ దండగే అన్నారు. ఈసారి కుడితే బండి కోసం కూడా చూడకుండా ఎలాగోలా పెద్దాసుపత్రికి పట్టుకెళ్లిపొమ్మన్నారు.”

కార్డు తీసుకుని చూశాను. కందిరీగలు పడవు. అడ్రినలిన్ ఇచ్చినా గుణం కనిపించలేదు. ఎర్ర సిరాతో గీత. నేను రాసిన నాలుగూ పన్నెండు అక్కడ కూర్చుని ఉంది.

“మీ తోట నుంచి పెద్దాసుపత్రికి ఎంతసేపు పడుతుంది?”

“గంటన్నర.”

“మరి తోట పని మానేస్తారా?” అని మేస్త్రమ్మను అడిగాను.

ఆమె నవ్వింది. “మానేసి ఏం చేస్తానమ్మా, కందిరీగల్ని చూసి భయపడుతూ ఇంట్లో కూచుంటానా? కోతలు ఇంకా నెలన్నర ఉన్నాయి. సోమవారం నుంచి పోతా.”

బయటకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఆమె బతికిందన్న మాటను పట్టుకుని నాలుగు రోజులు తిరిగానా, ఆమె బతికిందే కానీ నేను రాసిన రాత ఇంకా ఆమె వెంటే ఉంది. మళ్లీ కుట్టడం ఎంతసేపు? ఎవరో ఒకరు మందు చేతిలో పెట్టుకుని, కార్డు చదివి, ఇవ్వడం మానేస్తారు. గంటన్నర దారిలో ఆమె పోతుంది. అప్పుడు కూడా నా కాగితం చక్కగా, ఒక్క కొట్టివేత లేకుండా, ఫైల్లో ఉంటుంది.

ఇంటికి వెళ్లి చెప్పాను. అన్నయ్య పాపకు జడ వేస్తున్నాడు. వేస్తూనే విన్నాడు.

“రేపు మేడమ్ దగ్గరికి వెళ్తున్నా” అన్నాను.

“పద్ధెనిమిదిన ఎంపిక. అప్పటిదాకా ఆగలేవా?”

“సోమవారం ఆమె తోటకు పోతోంది.”

వదిన గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆమెకు అప్పుడే మొత్తం తెలిసింది. “మీ ఇద్దరిలో ఎవరిది తప్పు?” అంది.

“నాది” అన్నాను. “వినకుండా రాశాను.”

అన్నయ్య జడ మధ్యలో వదిలేసి లేచాడు. పాప సగం జడతో నా వంక తిరిగి, “అత్తా, నువ్వెయ్యి” అంది.

ఇన్‌ఛార్జి మేడమ్ నేను చెప్పినదంతా విని, కళ్లజోడు తీసి, కాసేపు కళ్లు నులుముకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. ఫైల్లోంచి ఆ కాగితం తీసి నా ముందు పెట్టింది.

“తెల్లరంగు పూయకు. దిద్దకు. ఒక్క గీత గియ్యి, కింద రాసింది కనబడాలి. పక్కన అసలు సంగతి రాయి, ఇవాళ్టి తేదీ వెయ్యి, సంతకం పెట్టు.”

గీత గీశాను. పక్కన రాశాను: ఈ మందు ఇవ్వలేదు. ఇచ్చారనుకుని, చూడకుండా రాశాను. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు మూడుసార్లు పెన్ను మార్చాల్సి వచ్చింది, పెన్నుల్లో ఏ లోపమూ లేకపోయినా. మేడమ్ అప్పటికప్పుడు ఆసుపత్రికి ఫోన్ చేసింది, వెనకాలే ఉత్తరం పంపింది. ఆదివారం సాయంత్రానికి డాక్టరు మేస్త్రమ్మను పిలిపించి కార్డు మార్చాడు. ఆ ఒక్క రాత్రీ నేను ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

తర్వాతవన్నీ వరసగా మీద పడ్డాయి. ముగ్గురు అధికారుల ముందు విచారణ. “తప్పుగా విన్నాను, చూడకుండా రాశాను” అని నేను చెప్పాను. “చెల్లెలు అడిగింది వినబడలేదు” అని అన్నయ్య చెప్పాడు. నన్ను రెండు వారాలు ఇంట్లో కూర్చోబెట్టారు, నా సర్వీసు పుస్తకంలో ‘అజాగ్రత్తగా విని నమోదు చేసినది’ అని ఎక్కించారు. అన్నయ్యకు హెచ్చరికతో సరిపెట్టారు. ఇన్‌స్ట్రక్టరు పోస్టు మాత్రం వేరే డిపో మనిషికి పోయింది. మేస్త్రమ్మ, కూతురు నా మీద కేసు పెడతారేమోనని భయపడ్డాను. పెట్టలేదు. మేస్త్రమ్మ కబురు మాత్రం పంపింది, “ఆ పిల్లను ఒకసారి తోటకు రమ్మనండి, నాలుగు తిట్లు తిట్టి నాలుగు గుత్తులిచ్చి పంపిస్తా” అని.

ఇన్‌ఛార్జి మేడమ్ అన్ని బండ్లలోనూ ఒక కాగితం అంటించింది. ‘ఆఁ అనరాదు. మందు పేరు, ఎంత, ఎక్కడ, పూర్తిగా చెప్పాలి. విన్నవాళ్లు అదే మాట తిరిగి చెప్పాలి. ఇచ్చాక ఇచ్చాను అని చెప్పాలి. అప్పుడే రాయాలి.’ డిపోలో అందరికీ అదొక వేళాకోళం అయింది. టీ కొట్టువాడు “చక్కెర వెయ్యనా?” అంటే హారన్ బాబాయి నిటారుగా నిలబడి, “చక్కెర, రెండు చెంచాలు, గ్లాసులోకి, వెయ్యి” అనేవాడు. నన్ను చూస్తే మాత్రం కొంచెం గొంతు తగ్గించేవాడు.

అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. కేకలు లేవు, దెప్పిపొడుపులు లేవు. ఉలుకూ పలుకూ లేదు, అంతే. నేను గదిలోకి వస్తే లేచి వెళ్లిపోయేవాడు. అయిదు అర్థాల ఆఁలో ఒక్కటి కూడా నాకు దక్కలేదు. దానికోసం అంత మొహం వాచిపోతానని నేను అనుకోలేదు. వదినకు పోస్టు పోయిన బాధ ఉంది, నా మీద కోపమూ ఉంది, దాన్ని దాచుకోలేదు. “నువ్వు చేసింది తప్పని అనను అమ్మాయ్. కానీ నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది” అని మొహం మీదే చెప్పింది. చెప్పి, అన్నం పెట్టింది. ఆ మనిషితో నాకు ఏ ఇబ్బందీ లేదు. అన్నయ్య మౌనమే గుండెల మీద కూర్చుంది. పోస్టు పోగొట్టానని కక్ష అనుకున్నాను. ఉండనీ, అన్నాళ్లు ఆశ పెట్టుకున్న మనిషి, అతనికి ఆ హక్కుంది అనుకున్నాను.

వేరే బండిలో డ్యూటీ వేస్తానని మేడమ్ అంది. వద్దన్నాను. పారిపోయినట్టుంటుంది, నేను పారిపోను. అన్నయ్య కూడా బండి మార్చమని అడగలేదు. అలా మళ్లీ ముగ్గురం ఒకే బండి అయ్యాం. రూలు పుణ్యమా అని బండిలో అతను నాతో మాట్లాడక తప్పేది కాదు. “ఆస్పిరిన్, ఒక మాత్ర, నమలమని ఇస్తున్నాను.” “ఆస్పిరిన్, ఒక మాత్ర, నమలడానికి. ఇవ్వు.” “ఇచ్చాను.” గోడ వంక చూస్తూ చెప్పేవాడు. మనిషిని దింపేశాక మళ్లీ నోరు కట్టుకునేవాడు. హారన్ బాబాయి ఒకసారి విసుగెత్తి, “ఎవరికైనా చిన్న జబ్బు చేస్తే బాగుణ్ణు, మీరిద్దరూ మాట్లాడుకుంటారు” అన్నాడు.

కోతలు ముగిసే వారం, మధ్యాహ్నం రెండుంపావుకు ఫోన్ వచ్చింది. అదే తోట.

ఈసారి ఆమె నేల మీద పడుకుని ఉంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది, ఊపిరి కూత పెడుతోంది. కూతురు మా బండిని చూడగానే కార్డు ఎత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. “డాక్టరు రాసిచ్చిన సూది పోయిన వారమే వాడేశామండీ, కొత్తది ఇంకా రాలేదు. మీరివ్వండి. ఇవ్వొచ్చని రాసుంది, చూడండి!”

అన్నయ్య కార్డు చదివాడు. అడ్రినలిన్ వెంటనే ఇవ్వాలి. పాత నమోదు పొరపాటు. అతని కళ్లు ఆ రెండో వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాయి. తర్వాత చేతులు కదిలాయి.

“అడ్రినలిన్. అర మిల్లీగ్రాము. కుడి తొడ. ఇస్తున్నాను.”

“అడ్రినలిన్. అర మిల్లీగ్రాము. కుడి తొడ. ఇవ్వు” అన్నాను. ఫోన్ పక్కన పెట్టి, అతని చేతినే చూస్తూ నిలబడ్డాను. ఆంప్యూల్ మెడ విరిగింది. సిరంజి నిండింది. సూది దిగింది.

“ఇచ్చాను.”

“ఇచ్చావు. రెండూ ముప్పయ్యారు.”

స్ట్రెచర్ ఎక్కించి బండి కదిలేసరికి కూత తగ్గడం మొదలైంది. దారి సగంలో పెదాలకు రంగు వచ్చింది. ఆసుపత్రి మలుపు తిరుగుతుండగా మేస్త్రమ్మ మాస్కు పక్కకు జరిపి, “ఆ హారన్ కొడుతున్నది ఎవరమ్మా, చెవులు చిల్లులు పడుతున్నాయి” అంది. కూతురు ఏడుస్తూ నవ్వింది. నేనూ నవ్వాను. అన్నయ్య మాత్రం మాస్కు సరిచేసి కిటికీలోంచి బయటకు చూశాడు.

ఆమెను అప్పగించాక బండిని ఆసుపత్రి వెనకాల నీళ్ల ట్యాంకు నీడలో పెట్టాం. హారన్ బాబాయి టీకి వెళ్లాడు. నేను స్ట్రెచర్ తుడుస్తున్నాను. అన్నయ్య బండి మెట్టు మీద కూర్చున్నాడు. వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు.

“ఆ రోజు నువ్వు అడిగింది నాకు వినబడింది” అన్నాడు.

చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది.

“మందు తీశాను. ఇవ్వబోతున్నాను. ఇచ్చావా అన్నావు. ఇచ్చేస్తున్నాను కదా అని ఆఁ అన్నాను. అప్పుడే వాంతి చేసుకుంది. ఆంప్యూల్ మూతలో పడేసి ఆమెను పట్టుకున్నాను. ఆ తర్వాత...” ఆగాడు. “డాక్టరుకు నువ్వు ఇచ్చామని చెబుతుంటే అనుమానం వచ్చింది. ఇచ్చానా, లేదా అని. నోరు పెగల్లేదు. పన్నెండేళ్ల సర్వీసు ఉన్నవాడిని, గుర్తులేదని ఎలా చెప్పను అనిపించింది.”

“వినబడలేదని చెప్పావు” అన్నాను. “నాకు చెప్పావు. విచారణలో వాళ్ల ముందు చెప్పావు.”

“చెప్పాను.”

“నలభై ఒక్క రోజులు నాతో మాట్లాడలేదు. నీ పోస్టు పోగొట్టానని కోపం అనుకున్నాను.”

“కోపం కాదు. నోరు తెరిస్తే ఇదే వస్తుందని.”

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నలభై ఒక్క రోజులు నా చెవుల్ని నేనే తిట్టుకున్నాను. గొంతు పైకి లేచిందా, కిందికి దిగిందా అని ఆ ఒక్క అక్షరాన్ని వెయ్యిసార్లు బుర్రలో మోగించుకున్నాను. నా చెవులు సరిగ్గానే విన్నాయి. చూడకుండా రాసిన తప్పు నాదే, దాన్ని ఎవరి మీదా నెట్టను. తప్పుగా విన్న తప్పు మాత్రం నాది కాదు. అది నా సర్వీసు పుస్తకంలో ఉంది.

“ఇప్పుడు మేస్త్రమ్మ కార్డు సరిగ్గానే ఉంది కదా” అన్నాడు, మెల్లగా. “ఆమెకు ఇక నా మాటతో పని లేదు.”

“ఆమెకు లేదు. నాకుంది.”

తల పైకెత్తి నన్ను చూశాడు. అన్ని రోజుల తర్వాత మొదటిసారి సూటిగా.

“వాళ్ల ముందు అబద్ధం చెప్పానని తేలితే హెచ్చరికతో పోదు. ఉద్యోగమే పోవచ్చు.”

“పోవచ్చు” అన్నాను. వదిన గుర్తొచ్చింది, పాప గుర్తొచ్చింది. అయినా వెనక్కి తగ్గలేదు. “పోతే నా జీతం మీద ఇల్లు నడుపుదాం. నువ్వే మళ్లీ ఏదో ఒకటి చూసుకుంటావు. కానీ తప్పుగా విన్నానన్న మాట నా పేరు మీద ఉండటానికి వీల్లేదు.”

చెయ్యి చాచాడు. కాగితం, అట్ట ఇచ్చాను. పెన్ను మాత్రం తీసుకోకుండా, “నేను చెప్తాను, నువ్వు రాయి. నీ రాత బాగుంటుంది” అన్నాడు.

“నువ్వు చెప్పింది నేను రాసే కదా ఇంతదాకా వచ్చింది. నువ్వే రాయి.”

పెన్ను తీసుకున్నాడు. మోకాలి మీద అట్ట పెట్టుకుని, చిన్నపిల్లాడిలా నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్కో అక్షరం పేర్చుతూ రాశాడు. నాలుగు వాక్యాలు. ఆఖర్న ఆగాడు.

“టైమ్ ఆ రోజుది వెయ్యాలా?”

“కాదు. రాసినప్పటిది. ఆలస్యంగా రాసినది ఆలస్యంగా రాసినట్టే కనబడాలి.”

గడియారం చూసుకుని వేశాడు. సంతకం పెట్టి కాగితం నాకు చూపించాడు. నేను అందుకోలేదు.

“చదువు, వింటాను” అన్నాను.

చదివాడు. “మందు ఇచ్చావా అని మా చెల్లెలు అడిగింది. నాకు వినబడింది. ఆఁ అన్నాను. ఇవ్వలేదు.”

తిరిగి చెప్పడం నా వంతు.

“అడిగాను. నీకు వినబడింది. ఆఁ అన్నావు. ఇవ్వలేదు” అన్నాను. అతను నా చెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆ కాగితం తీసుకుని ఇద్దరం మేడమ్ దగ్గరికి బయలుదేరాం.